ఆఫీసు సర్వర్‌లోని యాక్సెస్ డేటాబేస్‌ని మన కంప్యూటర్‌లోకి తెచ్చుకోవడం: మొదటి నుంచి చివరి దాకా

మా బాబాయికి గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. ఒకప్పుడు ఆఫీసులో నాలుగు కంప్యూటర్లు, నలుగురు గుమాస్తాలు, మూల బల్ల కింద దుమ్ము పట్టిన ఒక డబ్బా ఉండేవి. ఆ డబ్బానే అందరూ సర్వర్ అనేవాళ్ళు. రైతుల ఖాతాలు, లాట్లు, టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క, తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం చీటీలు) అన్నీ అందులోని ఒక మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేస్‌లో ఉండేవి. ఇప్పుడు లెక్కలు రాసేది ఒక్కరే. డబ్బా ఫ్యాను ఏమో ట్రాక్టర్ లాగా మోగుతోంది. "ఒరేయ్, ఆ గోలంతా నా ల్యాప్‌టాప్‌లో పడేసి దాన్ని తీసెయ్" అన్నాడు బాబాయి.

పడేశాను. ఫైళ్ళు కాపీ చేసి, డెస్క్‌టాప్ మీద ఐకాన్ పెట్టి, తెరిచి చూస్తే ఖాతాలన్నీ చక్కగా కనిపించాయి, టీ తాగి ఇంటికొచ్చేశాను. వారం తర్వాత సర్వర్ స్విచ్ తీసేసిన రోజు పొద్దున్నే ఫోన్: ఏ ఫారం తెరిచినా ఎర్రర్ వస్తోందట. తీరా చూస్తే వారం రోజుల ఎంట్రీలన్నీ సర్వర్‌లోని పాత ఫైల్లోకే వెళ్ళాయి. ల్యాప్‌టాప్‌లో నేను పెట్టిన డేటా ఫైల్‌ని ఎవరూ ముట్టుకోలేదు, రోజూ శ్రద్ధగా పెన్‌డ్రైవ్‌లోకి బ్యాకప్ తీయించింది మాత్రం ఆ ఫైల్‌నే. అంటే ఏడు రోజుల పాటు ఒకటే పాత డేటాని ఏడు సార్లు దాచుకున్నామన్నమాట. సర్వర్ మళ్ళీ ఆన్ అయింది కాబట్టి బతికిపోయాను, అది గనక లేవకపోయి ఉంటే బాబాయి ఇంటి గడప తొక్కనిచ్చేవాడు కాదు.

కాబట్టి ఇది రెండోసారి, ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసిన పద్ధతి.

అసలు సర్వర్‌లో ఏముంది

యాక్సెస్ విషయంలో సర్వర్ అనే మాటే కొంచెం మోసం. ఒరాకిల్, మై ఎస్క్యూఎల్ లాంటివాటిలో సర్వర్ మీద ఒక ప్రోగ్రామ్ నడుస్తూ ఉంటుంది, మనం అడిగితే అది వెతికి ఇస్తుంది. యాక్సెస్‌లో అలా ఏమీ ఉండదు. సర్వర్ అంటే ఒక షేర్డ్ ఫోల్డర్, అంతే. ఆ ఫైల్‌ని చదివే ఇంజిన్ ఎవరి కంప్యూటర్‌లో వాళ్ళకే నడుస్తుంది (పాత రోజుల్లో దాని పేరు జెట్, 2007 నుంచి ఏస్). కాబట్టి సర్వర్‌లోంచి మనం ఊడదీసి తేవాల్సిన సాఫ్ట్‌వేర్ ఏమీ లేదు, ఫైల్ తెచ్చుకుంటే చాలు. ఇది మంచి వార్త.

చెడ్డ వార్త ఏమిటంటే, కాస్త తెలిసినవాళ్ళు కట్టిన షేర్డ్ డేటాబేస్ ఏదైనా సాధారణంగా రెండు ముక్కలుగా ఉంటుంది. డేటా ఉన్న ముక్కని బ్యాక్ ఎండ్ అంటారు, అది సర్వర్‌లో ఉంటుంది, చాలాసార్లు పేరు చివర అండర్‌స్కోర్ బీఈ అని ఉంటుంది, ఎందుకంటే డేటాబేస్ స్ప్లిట్టర్ అనే విజార్డ్ అలాగే పేరు పెడుతుంది. ఫారాలు, రిపోర్టులు, క్వెరీలు ఉన్న ముక్క ఫ్రంట్ ఎండ్, అది ఎవరి కంప్యూటర్‌లో వాళ్ళకి ఒక కాపీ. ఫ్రంట్ ఎండ్‌లో మీకు కనిపించే టేబుళ్ళు నిజం టేబుళ్ళు కావు, "డేటా ఫలానా సర్వర్‌లో ఫలానా ఫోల్డర్‌లో ఉంది" అని రాసిపెట్టుకున్న చీటీలు. ఫైళ్ళని ఎక్కడికి కాపీ చేసినా చీటీ మీద అడ్రస్ మారదు. నేను మొదటిసారి తిన్న దెబ్బ సరిగ్గా ఇదే.

మొదలుపెట్టే ముందు ఒక పేజీ రాసుకోండి

కంప్యూటర్ పని అని కాగితం వదిలేయకండి. ఫ్రంట్ ఎండ్ తెరిచి, ఎడమ పక్క ప్యానెల్లో టేబుళ్ళ జాబితా చూడండి. జాబితా కనిపించకుండా ఎవరైనా దాచేసి ఉంటే ఎఫ్11 కొట్టండి, అదీ పని చేయకపోతే ఫైల్ తెరిచేటప్పుడు షిఫ్ట్ కీ నొక్కి పట్టుకోండి, మొదట వచ్చే మెనూ ఫారాలన్నీ పక్కకి పోయి లోపలి సరుకు కనిపిస్తుంది. టేబుల్ పేరు పక్కన చిన్న బాణం గుర్తు ఉంటే అది లింక్. మౌస్‌ని దాని మీద ఉంచితే పూర్తి దారి చూపిస్తుంది. ఆ దారి కాగితం మీద రాసుకోండి. ఒక్కదానికి చూసి అన్నీ అక్కడే ఉంటాయనుకోవద్దు. మా దాంట్లో 23 టేబుళ్ళలో రెండు వేరే ఫోల్డర్‌లోని వేరే ఫైల్‌కి వెళ్తున్నాయి, ఎప్పుడో పాత ధరల పట్టిక కోసం ఎవరో పెట్టిన లింకులు.

అన్నీ ఒకేసారి చూడాలంటే ఎంసిస్ఆబ్జెక్ట్స్ అనే సిస్టమ్ టేబుల్ ఉంది, నావిగేషన్ ఆప్షన్స్‌లో షో సిస్టమ్ ఆబ్జెక్ట్స్ టిక్ పెడితే కనిపిస్తుంది. అందులో టైప్ గడిలో 1 ఉంటే టేబుల్ లోకల్‌దే, 6 ఉంటే ఇంకో యాక్సెస్ ఫైల్‌కో ఎక్సెల్‌కో లింక్, 4 ఉంటే ఓడీబీసీ (వేరే డేటాబేస్ సర్వర్లకి కలిపే పద్ధతి) లింక్. 6 ఉన్న వరసల్లో డేటాబేస్ అనే గడి చూస్తే దారి మొత్తం ఉంటుంది. చూడటమే, అందులో ఏమీ మార్చకండి.

టైప్ 4 కనిపిస్తే, అంటే టేబుల్ పక్కన భూగోళం బొమ్మ ఉంటే, ఆగండి. మీ డేటా యాక్సెస్‌లో లేదు, ఎక్కువగా ఎస్క్యూఎల్ సర్వర్‌లో ఉంటుంది. దాని దారి వేరు: అక్కడ బ్యాకప్ తీయించి, మీ కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ వేసుకుని, అందులో రీస్టోర్ చేసి, ఓడీబీసీ లింకుల్ని కొత్త చోటికి తిప్పుకోవాలి. కొత్త వెర్షన్‌లో తీసిన బ్యాకప్ పాత వెర్షన్‌లో రీస్టోర్ కాదు, ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకుంటే ఒక పూట మిగులుతుంది. ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా యాక్సెస్ ఫైల్ గురించే.

కాగితం మీద ఇంకో మూడు నాలుగు అంకెలు రాసుకోండి: ముఖ్యమైన టేబుళ్ళలో ఎన్ని రికార్డులున్నాయో (టేబుల్ తెరిచి చివరికి వెళ్తే కింద కనిపిస్తుంది), చివరి బిల్లు నంబరు, పోయిన నెల మొత్తం, ఒకరిద్దరు పెద్ద ఖాతాదారుల బాకీ. తర్వాత కొత్త చోట ఇవే అంకెలు రావాలి. డేటాబేస్‌కి పాస్‌వర్డ్ ఉంటే అది ఇప్పుడే తెలుసుకోండి, పెట్టిన గుమాస్తా మానేసి మూడేళ్ళయితే ముందు ఆయన నంబరు సంపాదించండి. అలాగే ఫైల్ ఎక్స్‌టెన్షన్ ఏమిటో చూడండి. ఏసీసీడీబీ అయితే 2007 నుంచి వచ్చిన పద్ధతిది, ఎండీబీ అయితే అంతకు ముందు పద్ధతిది. ఎండీబీ తెరిచేటప్పుడు యూజర్ పేరు కూడా అడుగుతుంటే, దానికి తోడు ఎండీడబ్ల్యూ అనే ఇంకో ఫైల్ ఎక్కడో ఉంటుంది, అది కూడా తేవాలి, లేకపోతే తాళం తెచ్చుకుని చెవి మర్చిపోయినట్టే.

అందర్నీ బయటికి పంపడం

ఎవరైనా తెరిచి ఉండగా కాపీ చేస్తే కాపీ అవుతుంది, ఏ ఎర్రరూ రాదు. అదే ప్రమాదం. సగం రాసిన రికార్డు, సగం అప్‌డేట్ అయిన ఇండెక్స్ కాపీలోకి వచ్చి కూర్చుంటాయి, రెండు వారాల తర్వాత బయటపడతాయి. కాబట్టి పని లేని రోజు పెట్టుకోండి. మేం యార్డు సెలవు రోజు చేశాం.

ఎవరైనా లోపల ఉన్నారో లేదో తెలుసుకోవడం తేలిక. బ్యాక్ ఎండ్ ఉన్న ఫోల్డర్‌లోనే అదే పేరుతో ఎల్ఏసీసీడీబీ ఎక్స్‌టెన్షన్‌తో చిన్న ఫైల్ కనిపిస్తుంటే, అది లాక్ ఫైల్ (ఎండీబీలకి ఎల్డీబీ). చివరి మనిషి మూసేయగానే అది దానంతటదే పోవాలి. పోలేదంటే ఎవరో ఒకరు ఉన్నారు, లేదా ఎవరి కంప్యూటరో మధ్యలో ఆగిపోయి లాక్ మిగిలిపోయింది. దాన్ని నోట్‌ప్యాడ్‌తో తెరిస్తే కంప్యూటర్ పేర్లు కనిపిస్తాయి, అయితే వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు కూడా అందులో మిగిలి ఉంటాయి కాబట్టి ఆ పేర్లు చూసి ఎవరి మీదా అరవకండి. నమ్మకమైన దారి సర్వర్ మీదే ఉంది: కంప్యూటర్ మేనేజ్‌మెంట్, షేర్డ్ ఫోల్డర్స్, ఓపెన్ ఫైల్స్. ఆ ఫైల్‌ని ఎవరు పట్టుకుని కూర్చున్నారో అక్కడ తేలుతుంది. మాకైతే ముందు గదిలో ఎవరూ వాడని కంప్యూటర్‌లో రెండు నెలలుగా తెరిచి ఉంది.

కాపీ, ఎక్కడికి?

అందరూ బయటికి వచ్చాక సర్వర్‌లోని బ్యాక్ ఎండ్‌ని ముందు ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, దాని మీద తేదీ రాసి, బీరువాలో పెట్టేయండి. దీన్ని ఇక ముట్టుకోరు. ఆ తర్వాత ల్యాప్‌టాప్‌లోకి కాపీ. వైఫై మీద కాకుండా కేబుల్ పెట్టి చేయండి, లేదంటే పెన్‌డ్రైవ్ నుంచే తెచ్చుకోండి. అయ్యాక ప్రాపర్టీస్‌లో బైట్లతో సహా సైజు రెండు చోట్లా ఒకటేనా చూడండి. ఎంబీలు సరిపోతే చాలదు, బైట్లు సరిపోవాలి.

ఎక్కడ పెట్టాలనేదాంట్లో చాలామంది తప్పు చేస్తారు. డెస్క్‌టాప్ మీదా, డాక్యుమెంట్స్‌లోనా పెట్టొద్దు. ఈ మధ్య వచ్చే విండోస్ కంప్యూటర్లలో ఆ రెండు ఫోల్డర్లు మీకు తెలియకుండానే వన్‌డ్రైవ్‌కి కట్టేసి ఉండొచ్చు. మీరు ఎంట్రీ చేస్తుండగా వన్‌డ్రైవ్ ఆ ఫైల్‌ని పైకి పంపడానికి ప్రయత్నిస్తుంటుంది, ఒకోసారి అదే ఫైల్‌కి రెండో కాపీ పుట్టిస్తుంది, ఒకోసారి ఫైల్ చెడిపోతుంది. గూగుల్ డ్రైవ్, డ్రాప్‌బాక్స్ ఫోల్డర్లు కూడా అంతే. బ్యాకప్ కాపీలు అక్కడ పెట్టుకోండి, ఎవరూ కాదనరు, నడుస్తున్న ఫైల్ మాత్రం వద్దు. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కూడా వద్దు, అక్కడ రాయడానికి విండోస్ ఒప్పుకోదు, లాక్ ఫైల్ తయారు కాలేక డేటాబేస్ చదవడానికి మాత్రమే తెరుచుకుంటుంది. సీ డ్రైవ్‌లోనో డీ డ్రైవ్‌లోనో నేరుగా ఒక ఫోల్డర్ పెట్టుకోండి, పేరు చిన్నదిగా, ఖాళీలు లేకుండా. మేం లెక్కలు అని పెట్టుకున్నాం, లోపల డేటా, ఫారాలు, బ్యాకప్ అని మూడు ఫోల్డర్లు.

ఫ్రంట్ ఎండ్‌ని కూడా తెచ్చి ఫారాలు ఫోల్డర్‌లో పెట్టండి. పాత కంప్యూటర్లలో నాలుగు కాపీలుంటే అన్నిట్లోకీ కొత్తది ఏదో చూడండి, ఎందుకంటే ఎవరో ఒకరు తమ కాపీలో మాత్రమే ఒక రిపోర్టు సరిచేసుకుని ఉంటారు, అది ఖాయం.

ఇప్పుడు కొత్త చోట బ్యాక్ ఎండ్‌ని నేరుగా తెరిచి, డేటాబేస్ టూల్స్‌లో కాంపాక్ట్ అండ్ రిపేర్ ఒకసారి నడపండి. యాక్సెస్‌లో రికార్డులు తుడిచేసినా ఫైల్ సైజు తగ్గదు, ఇది నడిపితేనే తగ్గుతుంది. మాది 640 ఎంబీ నుంచి 210కి వచ్చింది. యాక్సెస్ ఫైల్‌కి 2 జీబీ హద్దు ఉంది కాబట్టి దాని దగ్గరికి వచ్చినవాళ్ళకి ఇది మరీ అవసరం. ఇది కొత్త కాపీ మీదే నడపండి, సర్వర్‌లోని అసలు మీద కాదు.

చీటీల మీద అడ్రస్ మార్చడం

ఇదే అసలు పని. కొత్త కంప్యూటర్‌లోని ఫ్రంట్ ఎండ్ తెరిచి, ఎక్స్‌టర్నల్ డేటా ట్యాబ్‌లో లింక్డ్ టేబుల్ మేనేజర్ నొక్కండి. కొత్త వెర్షన్లలో ఫైళ్ళ పేర్లు చెట్టు లాగా కనిపిస్తాయి, పాత సర్వర్ ఫైల్‌ని టిక్ పెట్టి రీలింక్ నొక్కి, డీ డ్రైవ్‌లోని కొత్త బ్యాక్ ఎండ్‌ని చూపించండి. పాత వెర్షన్లలో టేబుళ్ళన్నీ ఒక పొడుగు జాబితాగా వస్తాయి, సెలెక్ట్ ఆల్ నొక్కి, కింద ఆల్వేస్ ప్రాంప్ట్ ఫర్ న్యూ లొకేషన్ అనే గడిలో టిక్ పెట్టి, ఓకే. ఆ టిక్ మర్చిపోతే అది మళ్ళీ పాత సర్వర్‌నే పలకరించి, అన్నీ విజయవంతంగా రిఫ్రెష్ అయ్యాయని మిమ్మల్ని నమ్మిస్తుంది. పెట్టారో లేదో రెండుసార్లు చూసుకోండి.

లింకులు రెండు మూడు ఫైళ్ళకి వెళ్తుంటే ప్రతిదానికీ విడిగా చేయాలి. అయ్యాక మౌస్ పెట్టి చూసినా, ఎంసిస్ఆబ్జెక్ట్స్ చూసినా, సర్వర్ పేరు ఒక్కచోట కూడా మిగలకూడదు.

పాత లింకులన్నీ జెడ్ డ్రైవ్ లాంటి మ్యాప్డ్ డ్రైవ్‌కి (సర్వర్ ఫోల్డర్‌కి డ్రైవ్ అక్షరం తగిలించినది) ఉంటే ఒక దొంగదారి ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌లో సబ్‌స్ట్ అనే ఆదేశంతో మీ లోకల్ ఫోల్డర్‌కే జెడ్ అని పేరు పెట్టొచ్చు, అప్పుడు ఏ లింకూ మార్చకుండానే అన్నీ పని చేస్తాయి. కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తే ఆ పేరు పోతుంది, మళ్ళీ పెట్టుకోవాలి. ఒకరోజు అవసరానికి బాగుంటుంది కానీ దీని మీద కాపురం పెట్టకండి, మూడేళ్ళ తర్వాత వచ్చినవాడికి జెడ్ ఎక్కడుందో అర్థం కాదు.

ఒక్కరే వాడేటప్పుడు రెండు ఫైళ్ళెందుకు, ఒకటిగా కలిపేయొచ్చు కదా అని బాబాయి అడిగాడు. కలపొచ్చు: ఫ్రంట్ ఎండ్‌లోని లింకుల్ని తీసేసి (లింక్ తీసేస్తే డేటా పోదు, చీటీ చిరుగుతుంది అంతే), బ్యాక్ ఎండ్ నుంచి టేబుళ్ళని ఇంపోర్ట్ చేసుకోవాలి, ఆప్షన్స్‌లో రిలేషన్‌షిప్స్ టిక్ ఉంచాలి. లింకులు తీయకుండా ఇంపోర్ట్ చేస్తే కొత్త టేబుళ్ళ పేర్ల చివర 1 తగులుతుంది, ఫారాలన్నీ పాత లింకులనే చూస్తాయి. కానీ నేనైతే కలపను. రేపు రిపోర్టులో ఒక గీత మార్చాలన్నా, కొత్త ఫ్రంట్ ఎండ్ తెచ్చి మార్చుకుంటే సరిపోతుంది, డేటా ఫైల్ జోలికి వెళ్ళక్కర్లేదు. పైగా బ్యాకప్ తీసేది ఏ ఫైల్‌కో స్పష్టంగా ఉంటుంది.

లింక్డ్ టేబుల్ మేనేజర్‌కి కనిపించని అడ్రసులు

టేబుల్ లింకులు మారాక కూడా కొన్ని చోట్ల సర్వర్ పేరు దాక్కుని ఉంటుంది. వీబీఏ (యాక్సెస్ లోపలే ఉండే ప్రోగ్రామింగ్ భాష) కోడ్ రాసినవాళ్ళు కొందరు దారిని కోడ్‌లోనే రాసేస్తారు. ఆల్ట్ ఎఫ్11 కొట్టి ఎడిటర్ తెరిచి, కంట్రోల్ ఎఫ్‌తో సర్వర్ పేరుని కరెంట్ ప్రాజెక్ట్ మొత్తంలో వెతకండి, మ్యాప్డ్ డ్రైవ్ వాడి ఉంటే జెడ్ కోలన్ కోసం కూడా. దొరికినచోట కొత్త దారి రాయండి. సేవ్డ్ ఇంపోర్ట్స్, సేవ్డ్ ఎక్స్‌పోర్ట్స్‌లో కూడా ఫైల్ దారులుంటాయి. ఫొటోలో, స్కాన్ చేసిన కాగితాలో చూపించే ఫారం ఉంటే, బొమ్మ డేటాబేస్‌లో కాకుండా ఫోల్డర్‌లో ఉండి, టేబుల్‌లో దాని దారి మాత్రమే ఉండొచ్చు. అప్పుడు ఆ ఫోల్డర్ కూడా తెచ్చి, ఒక అప్‌డేట్ క్వెరీలో రీప్లేస్ ఫంక్షన్‌తో దారులన్నీ ఒక్క దెబ్బకి మార్చుకోవచ్చు, కాకపోతే అది నడిపే ముందు ఫైల్‌కి ఇంకో కాపీ తీసి పెట్టుకోండి. ఇక యాక్సెస్ బయట ఉన్నవి: ఆడిటర్ గారికి పంపే ఎక్సెల్ షీట్ సర్వర్‌లోని డేటాబేస్ నుంచి లాగుతుండొచ్చు, ఉత్తరాల వర్డ్ ఫైల్ కూడా అంతే. ఇవి సర్వర్ ఆగిన నెల తర్వాత గానీ గుర్తుకు రావు.

ప్రింటర్ సంగతి నాకు అస్సలు తట్టలేదు. తక్‌పట్టీ ప్రింట్ అయ్యే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ సర్వర్ డబ్బాకే తగిలించి ఉంది. రిపోర్ట్ పేజ్ సెటప్‌లో యూజ్ స్పెసిఫిక్ ప్రింటర్ అని దాన్నే ఎంచుకుని ఉన్నారు. సర్వర్ పోతే ప్రింటర్ కూడా పోయింది. ప్రింటర్‌ని ల్యాప్‌టాప్‌కి తగిలించి, ఒక్కో రిపోర్టులో మళ్ళీ ఎంచుకోవాల్సి వచ్చింది, కాగితం సైజుతో సహా.

కొత్త కంప్యూటర్ పెట్టే పేచీలు

పైన పసుపు పట్టీ వచ్చి బటన్లు పని చేయకపోతే భయపడక్కర్లేదు. ఫైల్, ఆప్షన్స్, ట్రస్ట్ సెంటర్, ట్రస్టెడ్ లొకేషన్స్‌లోకి వెళ్ళి మీ ఫోల్డర్‌ని చేర్చండి, సబ్‌ఫోల్డర్లకి కూడా టిక్ పెట్టండి. ఫైల్ మెయిల్‌లో వచ్చి ఉంటే ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ గడి కూడా చూడండి.

పాత ఆఫీస్ 32 బిట్, కొత్త ల్యాప్‌టాప్‌లోది 64 బిట్ అయితే డేటాకేమీ కాదు. కానీ విండోస్ ఫంక్షన్లని డిక్లేర్ అనే మాటతో పిలిచే కోడ్ ఉంటే కంపైల్ ఎర్రర్ ఇస్తుంది, అక్కడ పీటీఆర్‌సేఫ్ అని చేర్చాలి, కొన్ని వేరియబుళ్ళ టైపులు కూడా మార్చాల్సి రావచ్చు. ఫ్రంట్ ఎండ్ ఏసీసీడీఈ (కోడ్ చూడ్డానికీ మార్చడానికీ వీల్లేకుండా కట్టేసిన ఫైల్) రూపంలో ఉండి 32 బిట్‌లో తయారైతే 64 బిట్‌లో అసలు తెరుచుకోదు, తయారు చేసినవాళ్ళ దగ్గర అసలు ఏసీసీడీబీ అడగాల్సిందే. దీనికోసం నానా హైరానా పడే కన్నా 32 బిట్ ఆఫీస్ వేసుకోవడం తేలిక, నేను అదే చేశాను. ఇంకో వింత: డేట్, లెఫ్ట్ లాంటి మామూలు ఫంక్షన్లు కూడా ఎర్రర్ ఇస్తుంటే, తప్పు వాటిది కాదు, వీబీఏ ఎడిటర్‌లో టూల్స్, రెఫరెన్సెస్ తెరిచి మిస్సింగ్ అని ఉన్న వరస చూడండి. దాన్ని తీసేసో, సరైన వెర్షన్ ఎంచుకునో సరిచేస్తే అన్నీ కుదురుకుంటాయి.

తేదీలు మాత్రం జాగ్రత్త. కొత్త ల్యాప్‌టాప్‌లో రీజియన్ అమెరికా ఇంగ్లిష్ అని ఉంటే, పాత తేదీలకి ఏమీ కాదు, కనిపించే తీరు మారుతుందంతే. కొత్తగా టైప్ చేసేవాటితోనే చిక్కు. 05/04 అని కొడితే మనకి ఏప్రిల్ 5, దానికి మే 4. అన్నీ ఇలా తప్పయితే సాయంత్రానికల్లా పట్టుకుంటాం, కానీ 25/04 కొడితే 25వ నెల లేదు కాబట్టి అది తెలివిగా ఏప్రిల్ 25 అనే తీసుకుంటుంది. అంటే నెలలో మొదటి పన్నెండు రోజులవి తారుమారు, మిగతావి సరిగ్గా. ఏ ఎర్రరూ రాదు. వడ్డీ లెక్కల్లో తేడా వచ్చి రైతు అడిగితే గానీ తెలియదు. మొదటి ఎంట్రీ చేయకముందే కంట్రోల్ ప్యానెల్లో రీజియన్‌ని ఇంగ్లిష్ ఇండియాకి మార్చండి.

రైతుల పేర్లు తెలుగులో ఉన్న పాత డేటాబేస్ అయితే, కొత్త కంప్యూటర్‌లో పేర్ల చోట పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కనిపించొచ్చు. డేటా చెడిపోయిందని గుండెలు బాదుకోకండి. యూనికోడ్ రాకముందు అను ఫాంట్ల లాంటివాటితో టైప్ చేసిన డేటా అది, ఆ ఫాంట్ వేస్తే మళ్ళీ తెలుగు కనిపిస్తుంది. యూనికోడ్‌కి మార్చుకోవాలనుంటే మంచిదే, కానీ ఈ తరలింపు రోజున కాదు.

కేబుల్ పీకి చూడండి

అన్నీ అయ్యాయనుకున్నాక ల్యాప్‌టాప్ నెట్‌వర్క్ కేబుల్ పీకేయండి, వైఫై ఆపేయండి. యాక్సెస్ మూసి మళ్ళీ తెరవండి. ప్రతి మెనూ, ప్రతి ఫారం, ప్రతి రిపోర్టు ఒకసారి తెరవండి. 3044 నంబరుతోనో, దారి సరైనది కాదనే మాటతోనో ఎర్రర్ వస్తే అక్కడ ఇంకా సర్వర్ అడ్రస్ దాక్కుని ఉందని అర్థం. నేను మొదటిసారి ఈ పరీక్ష చేసి ఉంటే రెండు నిమిషాల్లో దొరికిపోయేది. తర్వాత కాగితం తీసి రికార్డుల లెక్క, చివరి బిల్లు, నెల మొత్తం, బాకీలు సరిచూడండి. ఒక దొంగ రైతు పేరుతో ఒక ఎంట్రీ కొట్టి, బ్యాక్ ఎండ్‌ని నేరుగా తెరిచి అది అందులో పడిందో లేదో చూసి, తుడిచేయండి.

ఇది దాటాకే సర్వర్‌లోని పాత ఫైల్ దగ్గరికి వెళ్ళండి. తుడవకండి, పేరు మార్చండి, చివర "పాతది, వాడొద్దు" అని తేదీతో సహా చేర్చి, రీడ్ ఓన్లీ పెట్టండి. పేరు మారితే, ఇంకా ఎక్కడో మిగిలిపోయిన ఫ్రంట్ ఎండ్‌ని ఎవరైనా తెరిచినా ఎర్రర్ వస్తుంది, మీకు ఫోన్ వస్తుంది. ఆ ఫోన్ రావడమే మనకి కావాలి. పేరు మార్చకుండా వదిలేస్తే ఇద్దరు రెండు ఫైళ్ళలో ఎంట్రీలు చేసుకుంటూ పోతారు, ఆ రెండింటినీ తర్వాత కలపడం ఎంత నరకమో, ఒకే బిల్లు నంబరు రెండు చోట్లా ఇద్దరు వేరే వేరే రైతులకి పడినప్పుడు తెలుస్తుంది. పాత కంప్యూటర్ల మీది షార్ట్‌కట్లు కూడా తీసేయండి. ఇద్దరు ముగ్గురు ఇంకా వాడాల్సి ఉంటే అసలు ఈ తరలింపే చేయొద్దు.

ఇక బ్యాకప్ మీదే

నెట్‌వర్క్ మధ్యలో తెగి ఫైల్ చెడిపోయే బాధ తప్పింది, ఫారాలు చకచకా తెరుచుకుంటాయి, అది లాభం. కానీ ఇన్నాళ్ళూ సర్వర్‌తో పాటు ఎవరో ఒకరు తీస్తూ వచ్చిన బ్యాకప్ ఇకపై ఉండదు. యాక్సెస్ మూసేశాకే కాపీ తీయాలి, బ్యాక్ ఎండ్‌నే తీయాలి, ఫైల్ పేరులో తేదీ ఉండాలి. మేం టాస్క్ షెడ్యూలర్‌లో రాత్రి 9కి ఒక చిన్న బ్యాచ్ ఫైల్ పెట్టాం, అది డేటా ఫోల్డర్ నుంచి బ్యాకప్ ఫోల్డర్‌కి తేదీతో కాపీ చేస్తుంది. శనివారం శనివారం ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో బాబాయి ఇంటికి వెళ్తుంది. నెలకోసారి ఆ పెన్‌డ్రైవ్ కాపీని తెరిచి చివరి బిల్లు నంబరు చూస్తాం, పోయినసారి నేర్చిన పాఠం కదా. ల్యాప్‌టాప్ కాకుండా డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ తప్పనిసరి, రాస్తుండగా కరెంటు పోతే ఫైల్ చెడిపోవచ్చు.

పాత డబ్బాని మేం మూడు నెలలు అలాగే ఉంచి, సీజన్ లెక్కలు ముగిశాక హార్డ్ డిస్క్ ఒక్కటి తీసి దాచుకుని, మిగతాది పాత సామాన్లవాడికి ఇచ్చేశాం. 300 రూపాయలిచ్చాడు.